ఐదుగురం రాసిన ఒక్క ఐటమ్

పోయిన నెలలో మా ఆవిడకి కంటి పరీక్ష చేయిద్దామని బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, చీటీ రాయించుకుని, పిలుపు కోసం వరండాలో సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. పోస్టుమార్టం గది వైపు వెళ్ళే దారిలో, మెడలో ఏదో ఛానెల్ కార్డు, చేతిలో మైకు గొట్టం పట్టుకున్న కుర్రాడొకడు అక్కడి అటెండరుతో పరాచికాలాడుతున్నాడు.

"ఏం బావా, ఐటమ్ ఏమన్నా వచ్చిందా?"

"పొద్దుట్నుంచీ ఒక్కటీ లేదు. నీ మొహం చూసి రావడం మానేసినట్టున్నాయి."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళకి రెండడుగుల దూరంలో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న ఓ ముసలామె తలెత్తి వాళ్ళని చూసి, ఏ సంగతి మాట్లాడుకుంటున్నారో తెలియక మళ్ళీ తల దించుకుంది. మా ఆవిడకీ తెలియలేదు. నాకు తెలిసింది. ఆ మాట అదే నవ్వుతో, అదే వరండాలో, ఆ కుర్రాడి వయసులో నేనూ ఎన్నోసార్లు అడిగినవాణ్ణే.

ఇప్పుడు గుడివాడలో ఫ్లెక్సీల షాపు నడుపుతున్నాను గానీ, పెళ్ళికి ముందూ పెళ్ళయిన కొత్తలోనూ అవనిగడ్డలో ఒక దినపత్రికకి కంట్రిబ్యూటర్ని. మన వయసువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ప్రతి సెంటర్లోనూ ఒక టీ కొట్టు, ఆ టీ కొట్టు ముందు చంకలో సంచీ, జేబులో రెండు పెన్నులతో నలుగురైదుగురు మనుషులు, వాళ్ళని చూసి కాస్త భయపడుతూనే నమస్కారం పెట్టే జనం. ఆ మనుషుల్లో నేనొకణ్ణి. ఆ టీ కొట్టు దగ్గర మేం నేర్చుకున్న మొదటి మాట ఐటమ్. మా అమ్మకి ఆ మాట తెలిసింది పెళ్ళి భోజనాల్లోనే, ఎన్ని ఐటమ్స్ పెట్టారని ఆరా తీసేటప్పుడు. అందుకని నేను ఐటమ్ కోసం వెళ్తున్నానంటే ఎక్కడో విందుకి వెళ్తున్నాననుకుని, సాయంత్రం ఆకలితో ఇల్లు చేరితే ఆశ్చర్యపోయేది.

మాకు మాత్రం ఆ ఒక్క మాటతో రోజంతా గడిచిపోయేది. పొద్దున్నే ఐటమ్ ఏంటని అడిగితే ఊళ్ళో ఏం జరిగిందని అర్థం. మధ్యాహ్నం ఐటమ్ అయిందా అంటే రాయడం పూర్తయిందా అని, మర్నాడు ఐటమ్ పడిందా అంటే అచ్చయిందా అని. విజయవాడలో వార్తలు దిద్దే డెస్క్‌లో ఎవరో పక్కన పడేస్తే ఐటమ్ లేచిపోయిందనేవాళ్ళం. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే అక్కడి రైటరు నవ్వుతూ మీ ఐటమ్ లోపల కూర్చునుందనేవాడు, లోపలికెళ్తే చేతుల మధ్య తల పెట్టుకున్న మనిషెవరో ఉండేవాడు. ఆఫీసుల్లో గుమాస్తాలు నా మీద ఐటమ్ పెట్టకండి సార్ అంటే అది భయం, మా వాడి షాపు ప్రారంభం గురించి చిన్న ఐటమ్ పెట్టండి అంటే అది ఆశ. కాస్త గడుసువాణ్ణి చూసి వాడు మామూలు ఐటమ్ కాదురోయ్ అనేవాళ్ళం. చావుకీ, చీర కొంగుకి నిప్పంటుకున్న ఆడమనిషికీ, ఈత చెట్టు మీంచి పడ్డవాడికీ, పరీక్ష తప్పి పురుగుమందు తాగిన పిల్లాడికీ కూడా మా దగ్గర ఉన్నది ఆ మాటే. శవం అనడానికి నోరు రానివాళ్ళం కూడా ఐటమ్ అని సులువుగా అనేసేవాళ్ళం. బహుశా ఆ మాట పుట్టిందే అందుకేమో.

ఈ భాష నాకు నేర్పినవాడు మా ఐదుగురిలో పెద్దవాడు. బందరు నుంచి వచ్చి అవనిగడ్డలో స్థిరపడిన ముస్లిం ఆయన, వాళ్ళ నాన్న బందరులో కలంకారీ అద్దకం చేసేవాడట. ఏ చుట్టరికమూ లేకపోయినా ఊరందరికీ ఆయన మావయ్యే, నేను ఆయనకి అల్లుణ్ణే. నా మొదటి వార్త చదివి, "ఏమిటల్లుడూ ఇది, శుభలేఖా? బస్సు బోల్తా పడితే ముందు బస్సు బోల్తా పడిందని ఏడువు, తెల్లవారిన అందాలు తర్వాత" అని అందరిముందూ పరువు తీసి, తర్వాత నాకు ఒక టీ ఇప్పించాడు. ఆయనే ఇంకో సంగతి కూడా నేర్పాడు. అది రాయడానికే ఇదంతా మొదలుపెట్టాను.

ఐదుగురం అన్నాను కదా, ఐదు పత్రికలకి ఒక్కొక్కరం. మా మధ్య పోటీ ఉంటుందని పత్రికల యజమానులు అనుకునేవారు, పాఠకులూ అనుకునేవారు. నిజానికి మాకున్నది పోటీ కాదు, పొత్తు. ఒకరి పేపర్లో వచ్చిన వార్త మిగతా నలుగురి పేపర్లలో రాకపోతే, పొద్దున్నే డెస్క్ నుంచి ఆ నలుగురికీ చీవాట్లు. అందుకని మావయ్య ఏర్పాటు ఏమిటంటే, ఎవరూ ఒంటరిగా ఐటమ్ కొట్టకూడదు. దివిసీమలో ఏ మూల ఏం జరిగినా వంతు ప్రకారం ఒకడు వెళ్తాడు, చూస్తాడు, రాసుకొస్తాడు, మిగతావాళ్ళు టీ కొట్టు దగ్గర కూర్చుని దాన్ని తిరగరాసుకుంటారు. మొదటి వాక్యం కిందకీ చివరి వాక్యం పైకీ మార్చి, ఒకడు ఘోరం అన్నచోట ఇంకొకడు దారుణం అని వేసి, ఐదు కవర్లలో పెట్టి సాయంత్రం విజయవాడ బస్సు డ్రైవరుకిస్తే, తెల్లారేసరికి ఐదు పేపర్లూ ఒకే మాట చెప్పేవి. ఐదు పేపర్లూ ఒకే మాట చెబితే అది నిజం కాకుండా ఎలా పోతుందనేది జనం లెక్క. ఆ లెక్కతో మేం గౌరవంగా బతికాం.

ఆ రోజు వంతు నాది. నేను గుడివాడలో ఉన్నాను, మా అక్క కూతురికి అన్నప్రాశన. భోజనాలయ్యాక మావయ్య ఫోను చేశాడు, దివిసీమ దిగువన ఒక లంక రేవులో పడవ తిరగబడింది, వెళ్ళమని. ఆ రేవు పేరు రాయను, ఎందుకో చివర్న చెబుతాను. గుడివాడ నుంచి బస్సులు మారి అవనిగడ్డ చేరేసరికి సాయంత్రమైంది. రేవు దాకా పోయి రావాలంటే కవర్లు పట్టుకెళ్ళే బస్సు అందదు. నలుగురూ నా కోసం ఎదురు చూస్తున్నారు. ఎస్టీడీ బూత్‌లోకెళ్ళి స్టేషన్‌కి ఫోను చేస్తే అక్కడి కానిస్టేబులు ఉన్నంతవరకు చెప్పాడు. ఒక తల్లీ బిడ్డా పోయారు, మిగతావాళ్ళు ఒడ్డున పడ్డారు, దెబ్బలు తగిలినవాళ్ళని అవనిగడ్డ ఆసుపత్రికి తెచ్చారు. ఎందుకు తిరగబడిందంటే ఇంకా తెలీదన్నాడు.

ఆసుపత్రి నేను నిలబడ్డ బూత్‌కి పది నిమిషాల నడక. వెళ్ళలేదు. బస్సు వెళ్ళిపోతుందన్న తొందర ఒకటి, అన్నప్రాశన భోజనం బరువు ఇంకొకటి. ప్రమాదం ఐటమ్‌కి కారణం ఉండి తీరాలి. కారణం లేకుండా పంపితే డెస్క్ వాళ్ళు ఫోను చేసి, పడవ ఊరికే తిరగబడిందా నాయనా అని వెటకారం చేసేవాళ్ళు. లారీకైతే డ్రైవరు నిర్లక్ష్యం, ఇంటికైతే షార్ట్ సర్క్యూట్, పడవకైతే సరంగు తాగి ఉండటం. ఇవి మా చేతికి వాటంగా అలవాటైపోయిన కారణాలు. బూత్‌లో నిలబడే రాశాను, పడవ నడిపే సరంగు మద్యం మత్తులో ఉండటమే ఈ ప్రమాదానికి కారణమని స్థానికులు చెబుతున్నారని.

స్థానికులంటే నేనే. నేను ఆ రేవు మొహమే చూడలేదు.

మిగతా నలుగురూ అది తీసుకుని తిరగరాసుకున్నారు. ఒకాయన పూటుగా తాగి అని రాశాడు. ఇంకొకాయన ప్రయాణికులు వారించినా వినకుండా అని చేర్చాడు. మావయ్య మాత్రం కాగితం పైకెత్తి, ఇదెవరు చెప్పారల్లుడూ అని అడిగాడు. అక్కడివాళ్ళేనన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. అడిగితే ఆ రోజు నిజం చెప్పేవాణ్ణేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది, కానీ అది కూడా నన్ను నేను మంచివాణ్ణనుకోవడానికి చేసే ప్రయత్నమేనేమో.

మూడు నాలుగు రోజులకి ఒక మనిషి టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. మెడలో గొలుసు, చేతిలో బందరు లడ్డూల పెట్టె. ఆ రేవుని వేలం పాటలో పాడుకుని పడవ నడిపిస్తున్న పాటదారు తనేనని చెప్పి, పెట్టె విప్పి మా ముందు పెట్టాడు.

"మంచి ఐటమ్ పెట్టారండి. మీ రుణం తీర్చుకోలేను. అడుగు చెక్క పుచ్చిపోయింది, మార్పించమని ఆ సరంగు ఎప్పట్నుంచో నా ప్రాణం తీస్తున్నాడు. ఆ మాట గనక పేపర్లో వచ్చుంటే నా కొంప మునిగేది. మనవాళ్ళెవరు చెప్పారో గానీ మీకు, సమయానికి చెప్పారు."

ఎవరూ చెప్పలేదని ఆయనకెలా చెప్పడం? లంచం తీసుకుని రాసుంటే కనీసం అది లంచమని నాకు తెలిసేది. నేను ఊరికే రాశాను, నాకు పేరైనా తెలియని మనిషికి ఊరికే మేలు చేశాను. మావయ్య ఒక లడ్డూ తుంచి నోట్లో వేసుకుని, బెల్లంతో చేశారల్లుడూ, బాగుంది అన్నాడు గానీ నా కళ్ళలోకి చూడలేదు. నేనూ తిన్నాను.

ఆ తర్వాతి వారం సరంగు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చర్చికి వెళ్ళేటప్పుడు తొడుక్కునేది కాబోలు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన చెప్పిన మాటలు నాకు ఇంచుమించు అలాగే గుర్తున్నాయి.

"బాబూ, మా రేవు సంగతి రాసింది మీరేనంటగా. నేను తాగనండి. నలుగురి దగ్గరా చెప్పుకున్నాను. ఐదు పేపర్లూ ఒకటే రాశాయి కదరా, అంతమంది అబద్ధం రాస్తారా అంటున్నారు. నేను మా చర్చి సంఘంలో పెద్దనండి. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం పట్టుకుని అందరికీ తీసుకెళ్ళేది నేనే. ఇప్పుడు ఈ సంగతి తేలేదాకా పక్కకి ఉండమన్నారు. పక్కకి ఉంటానండి, దానికేం. ఆ తల్లీ బిడ్డా నా చేతికందినట్టే అంది జారిపోయారు, నాకేం నిద్ర పట్టట్లేదు. నేనడిగేది ఒక్కటే. స్థానికులు చెప్పారని రాశారు కదా, ఆ స్థానికులెవరో చెబితే వెళ్ళి అడుగుతాను. గొడవ పడనండి. ఎందుకన్నావురా అని అడుగుతానంతే."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నాలుగు మాటల పని. నేనేం చేశానంటే, గొంతు సవరించుకుని, మాకు సమాచారం ఇచ్చినవాళ్ళ పేర్లు బయటపెట్టకూడదండీ, అది మా వృత్తి నియమం అన్నాను. ఆయన, "సరే బాబూ, మాటిచ్చి ఉంటారు, మాట తప్పమని నేను అడగకూడదు" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అబద్ధం రాయడం కన్నా ఈ నియమం చెప్పడమే నేను చేసిన పెద్ద తప్పు. పుచ్చు చెక్క సంగతి నాకు అప్పటికే తెలుసు కూడా.

ఆయన వెళ్ళాక మావయ్యతో ఉన్నదంతా చెప్పేశాను. సవరణ వేయిద్దామన్నాను. మావయ్య టీ గ్లాసు తిప్పుతూ అన్న మాటలు కఠినమైనవే గానీ అబద్ధం కాదు. సవరణ వేస్తే ఐదుగురం వెయ్యాలి, ఒక్కడివే వేస్తే మిగతా నలుగురూ ఎక్కడ చూసి రాశారని వాళ్ళ డెస్కులు అడుగుతాయి, ఇద్దరికి పిల్లల చదువులున్నాయి, తనకి ముసలి తల్లి ఉంది అన్నాడు. అయినా ఒక మనిషి తాగలేదు అనేది ఐటమ్ ఎలా అవుతుందల్లుడూ, తాగితే ఐటమ్ గానీ, అన్నాడు. నేను డెస్క్‌కి ఫోను చేసి చూశాను. వాళ్ళూ అదే అన్నారు, ఇంత మర్యాదగా కాదు. దాంతో నా పని నేను చేశాననిపించుకుని ఊరుకున్నాను. ఉద్యోగం మానేశానని ఇక్కడ రాయగలిగితే బాగుండేది. మానలేదు. ఆ పత్రిక జిల్లా పేజీలు తగ్గించి నన్ను తీసేసేదాకా చేశాను. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. మిగతా ముగ్గురు ఎక్కడున్నారో తెలియదు.

పోయిన నెల ఆ బందరు ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు మా ఆవిడకి విషయం చెప్పి, ఆవిడ టిఫిను డబ్బా కట్టిస్తే, బందరు వెళ్ళి అక్కడ అవనిగడ్డ బస్సెక్కాను. మోపిదేవిలో గుడికి వచ్చినవాళ్ళంతా చంటిపిల్లలతో దిగిపోయాక బస్సు దాదాపు ఖాళీ అయింది. జీవితంలో మొదటిసారి ఆ రేవు చూశాను. నీళ్ళు ఇంత దగ్గరగా, ఇంత మెల్లగా ఉంటాయనుకోలేదు.

సరంగు లేడు. ఏళ్ళ కిందటే పోయాడని ఆయన కూతురు చెప్పింది. ఆమె అక్కడే అంగన్‌వాడీ టీచరు. నేనెవరో చెప్పి, సంగతి మొత్తం చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు, ఏడవలేదు, మంచినీళ్ళిచ్చి విన్నది. విన్నాక తను చెప్పిన సంగతులు విని నేనే కూర్చోలేకపోయాను. ఆ స్థానికులెవరా అని వాళ్ళ నాన్న ఊరంతా తిరిగాడట. ఇల్లిల్లూ అడిగాడట. చివరికి లెక్క తేల్చుకున్నాడట, ఆ రోజు దెబ్బలు తగిలినవాళ్ళతో అవనిగడ్డ వెళ్ళింది తన బావమరిది ఒక్కడే, పేపరువాళ్ళు ఉండేది అవనిగడ్డలోనే, కాబట్టి అన్నది వాడేనని. అప్పట్నుంచి రెండిళ్ళకీ మాటల్లేవు. కొన్నాళ్ళకి సంఘం వాళ్ళే వచ్చి బల్ల దగ్గరికి రమ్మంటే, అన్నవాడెవడో ఒప్పుకునేదాకా రానని, బల్ల దగ్గర రొట్టె పంచే ఆదివారాలు చర్చి బయట మెట్ల మీద కూర్చునేవాడట. అలాగే పోయాడు. బావమరిదిని పాడె మోయనివ్వొద్దని ముందే చెప్పి పోయాడు.

ఆ బావమరిది బతికే ఉన్నాడు. ఆమె వెంట వెళ్ళాను. తన మేనమామ గుమ్మంలో ఆమె అడుగుపెట్టడం ఆ గొడవ తర్వాత అదే మొదటిసారట. ముసలాయన వల బాగుచేసుకుంటూ అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చూపు సరిగా లేదు, వేళ్ళతో తడిమి ముడులు వేస్తున్నాడు. నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. మీరేమీ అనలేదు, ఎవరూ ఏమీ అనలేదు, అదంతా నా రాతే అన్నాను. తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన వల పక్కన పెట్టి అన్నాడు.

"ఆ రోజు ఆసుపత్రిలో ఎవరెవరో వచ్చి ఏదేదో అడిగారు బాబూ. నా బట్టలన్నీ తడి, పోయిన ఆ బిడ్డని నేనే మోసుకొచ్చాను. ఎవరికేం చెప్పానో నాకు తెలీదు. మా బావ అడిగినప్పుడు లేదన్నాను గానీ, తర్వాత తర్వాత నాకే అనుమానం వచ్చేది, ఏమో, నోరు జారి నేనే అన్నానేమోనని. ఇన్నేళ్ళూ ప్రార్థనలో క్షమించమని అడుగుతూనే ఉన్నాను."

చెయ్యని తప్పుకి ఒక మనిషి అంతకాలం క్షమాపణ అడిగాడు. చేసినవాణ్ణి నేను గుడివాడలో పుట్టినరోజు ఫ్లెక్సీలు వేసుకుంటూ హాయిగా ఉన్నాను. ఆయన కాళ్ళ మీద పడ్డాను. ఆయన తడుముకుని నా భుజం పట్టుకుని లేపాడు గానీ, పరవాలేదు అనలేదు. అననందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆ వచ్చే ఆదివారం చర్చిలో అందరిముందూ చెప్పమని మేనమామ అడిగితే వెళ్ళి చెప్పాను. చెబుతుంటేనే తెలిసింది ఎంత ఆలస్యంగా వచ్చానో. ఆ రోజుల్లో ఆయన్ని పక్కకి ఉండమన్న పెద్దల్లో ఒక్కరూ లేరు. పాస్టరు అయ్యగారు ఎక్కడినుంచో కొత్తగా వచ్చిన యువకుడు. ముందు వరసల్లో ఉన్న పిల్లలకి రేవులో పడవ ఉండేదని కూడా తెలియదు. మర్యాదగా విన్నారు. జిల్లా అంతా చదివిన అబద్ధానికి బదులుగా నేను చెప్పిన నిజం, ఆ మనిషిని ఎరగని కొద్దిమంది చెవుల్లో పడింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగి, మెల్లగా ఆ పెద్దాయన పేరేమిటండీ అని నన్నడిగాడు. నాకు తెలియదు. ఆ ఐటమ్‌లో పేరు లేదు, సరంగు అనే రాశాను, ఆ తర్వాత కూడా అడగలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి ఆయన కూతురు లేచి నిలబడి పేరు చెప్పింది.

ఇదంతా ఎక్కడైనా రాస్తానని, అనుమతి ఇమ్మని ఆమెని బస్సు దగ్గర అడిగాను. రాసుకోండి, మా నాన్న పేరూ మా ఊరి పేరూ మాత్రం పేపర్లో ఎక్కించకండి, ఊరు ఒకసారి ఎక్కింది చాలు అంది. అందుకే రాయలేదు.

ఇప్పుడు ఆ రోజులతో పోలిస్తే అన్నీ మారాయి. బస్సు డ్రైవరుకి కవరివ్వక్కర్లేదు, ఒకడు పంపిన వార్త క్షణంలో అందరి ఫోన్లలోకీ చేరిపోతుంది, తప్పయితే సాయంత్రానికి దాన్ని తీసేసి ఏమీ ఎరగనట్టు ఉండవచ్చు. మా కాలంలో తీసేయడం ఉండేది కాదు. అచ్చయిన కాగితం బడ్డీ కొట్లో పొట్లమయ్యేదాకా, ఆ పొట్లం విప్పి ఎవరో మళ్ళీ చదివేదాకా బతికేది. అయినా ఆ రోజుల్లో, అవతలి మనిషి మన టీ కొట్టు వెతుక్కుంటూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడి అడిగేవాడు. సమాధానం చెప్పడానికి మనకొక అవకాశం ఉండేది. అది నాకు దొరికింది. ఆయన నిలబడినంతసేపూ దొరుకుతూనే ఉంది.